తీసేసిన పేజీలు

మూడేళ్ళ క్రితం నేను ఒక పీడీఎఫ్‌లోంచి పదకొండు పేజీలు తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. పేజీ నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి. విషయసూచికలో ఒక పేరు మాత్రం చేత్తో చెరపాల్సొచ్చింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ మధ్య పద్దెనిమిదో శతాబ్దపు లండన్ పుస్తకాల వ్యాపారి ఒకాయన గురించి చదువుతుంటే, మధ్యలో పుస్తకం మూసేసి లేచి బాల్కనీలోకి వెళ్ళాల్సొచ్చింది. అందుకే ఇది.

ముందు మా సంగతి. కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో ఆదివారాలు ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. ఇద్దరు తప్ప అందరం సాఫ్ట్‌వేరే. ఎవరో ఒకరు ఒక కథో వ్యాసమో చదవడం, మిగతావాళ్ళం దాన్ని పీకి పాకం పెట్టడం, మధ్యలో టీ, మిరపకాయ బజ్జీలు. ఏడాదికోసారి అందరి రాతలూ కలిపి చిన్న సంకలనం వేసేవాళ్ళం, నూటయాభై కాపీలు. లేఅవుట్ నాకొచ్చు కాబట్టి సంపాదకుడు అనే హోదా కూడా నాకే వచ్చింది. ప్రెస్సుకి డబ్బులు కట్టేది కూడా ఎక్కువగా నేనే.

మాలో ఒకావిడ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. అందరం అక్క అనే పిలిచేవాళ్ళం. ఆ ఏడు అక్క రాసిన వ్యాసం ఒక కంపెనీలో మనుషుల చేత రాజీనామా చేయించే పద్ధతి గురించి. పదిన్నరకి మీటింగ్ ఇన్వైట్, అద్దాల గది, అవతల హెచ్.ఆర్. మనుషులిద్దరు, టేబుల్ మీద టిష్యూ పేపర్ల డబ్బా. ఆ డబ్బా ముందే తెచ్చి పెట్టారన్న విషయం మీద అక్క ఒక పేజీ రాసింది. కంపెనీ పేరు లేదు, కానీ ఈ ఫీల్డులో ఉన్నవాడెవడికైనా రెండో పేరాలో తెలిసిపోతుంది. మేమంతా చదివి, మా సంకలనంలో ఇంతవరకూ ఇంత మంచిది రాలేదన్నాం. నేనూ అన్నాను.

ఫైల్ ప్రెస్సుకి పంపే ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేస్తున్న ప్రాజెక్టు ఆ కంపెనీ వాళ్ళదే. సంపాదకుడిగా నా పేరు మొదటి పేజీలోనే ఉంది. ఇంటి లోను తీసుకుని అప్పటికి పద్నాలుగు నెలలు. లేచి లాప్‌టాప్ తెరిచి ఆ పేజీలు తీసేసి, పొద్దున్నే అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, పేజీలు మరీ ఎక్కువైపోయాయి. ఈసారికి నీది ఆపుదామనుకుంటున్నా" అన్నాను.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదురా. నీ ఇఎమ్ఐలు నాకు తెలియనివా" అంది.

*

ఇప్పుడు ఆ పుస్తకాల వ్యాపారి. పేరు జోసెఫ్ జాన్సన్. 1738లో లివర్‌పూల్ దగ్గర ఎవర్టన్‌లో పుట్టాడు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో చేరని బాప్టిస్టు కుటుంబం. అలాంటి వాళ్ళకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి డిగ్రీలు లేవు, ప్రభుత్వ పదవులకి కూడా చట్టం అడ్డం. పదిహేనో ఏటనో పదహారో ఏటనో లండన్ వచ్చి ఒక పుస్తకాల వ్యాపారి దగ్గర పనిలో కుదిరాడు. తర్వాత సొంత కొట్టు పెట్టాడు. 1770లో అది కాలిపోయింది. స్నేహితులు చేయి వేస్తే సెయింట్ పాల్స్ చర్చ్‌యార్డ్‌లో 72వ నంబరు ఇంట్లో మళ్ళీ మొదలెట్టాడు. చచ్చేదాకా అక్కడే. పెళ్ళి చేసుకోలేదు. ఉబ్బసం మనిషి. ఆయన రాసింది దాదాపు ఏమీ లేదు, అంతా వేరేవాళ్ళవి అచ్చువేశాడు.

సాహిత్య చరిత్రల్లో ఇలాంటి వాళ్ళు ఫుట్‌నోట్లలో ఉంటారు. నేనూ ఆయన్ని మొదట అక్కడే చూశాను. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ గురించి క్లెయిర్ టొమాలిన్ రాసిన జీవితచరిత్ర చదువుతుంటే ప్రతి పది పేజీలకీ ఈయన తగిలేవాడు. అప్పు ఇచ్చేది ఈయనే, ఇల్లు చూసిపెట్టేది ఈయనే, పని ఇచ్చేది ఈయనే. తర్వాత డైసీ హే ఈయన భోజనాల బల్ల చుట్టూ ఏకంగా ఒక పుస్తకమే రాసిందని తెలిసి, 2022లో వచ్చిన ఆ పుస్తకం తెప్పించుకున్నాను.

కొట్టు పైన ఒక గది. గోడలు సరిగ్గా చదరంగా కూడా ఉండేవి కావట. గోడ మీద హెన్రీ ఫ్యూజెలీ వేసిన 'నైట్‌మేర్' చిత్రం. నిద్రపోతున్న స్త్రీ గుండెల మీద కూర్చున్న పిశాచం, తెర వెనకనుంచి తొంగిచూసే గుర్రం తల. దాని కింద కూర్చుని వారానికోసారి భోజనాలు. ఉడకబెట్టిన కాడ్ చేప, దూడమాంసం, కూరగాయలు, చివర్లో రైస్ పుడ్డింగ్. మనం పరమాన్నం అంటే ఒప్పుకోము గానీ దగ్గర దగ్గరగా అదే. ఆ బల్ల దగ్గర రకరకాల మనుషులు: ఆక్సిజన్ మీద పరిశోధన చేసిన మతగురువు జోసెఫ్ ప్రీస్ట్లీ, గణితం పాఠ్యపుస్తకాల జాన్ బోనీకాసిల్, ఫ్యూజెలీ, వుల్‌స్టన్‌క్రాఫ్ట్, విలియం గాడ్విన్, థామస్ పెయిన్. విలియం బ్లేక్ ఆయన దగ్గర పుస్తకాలకి బొమ్మలు చెక్కేవాడు.

ఈ జాబితా చదివితే ఎవరికైనా నోరూరుతుంది. 'ఆ కాలంలో ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ దొరికితే' అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ చదివేకొద్దీ అర్థమైంది, ఆ బల్లని నిలబెట్టింది మాటలు కాదు, లెక్కల పుస్తకం.

1787లో వుల్‌స్టన్‌క్రాఫ్ట్ లండన్ వచ్చేసరికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు. పెట్టిన బడి మూతపడింది, ఐర్లండ్‌లో ఒక జమీందారీ కుటుంబంలో పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం పోయింది, నెత్తిన అప్పులు. జాన్సన్ ఆమెకి బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర జార్జ్ స్ట్రీట్‌లో ఇల్లు చూసిపెట్టాడు. అంతకన్నా ముఖ్యంగా పని ఇచ్చాడు. ఫ్రెంచి, జర్మన్ పుస్తకాల అనువాదాలు, పిల్లల పుస్తకం, 1788లో థామస్ క్రిస్టీతో కలిసి తను మొదలుపెట్టిన 'అనలిటికల్ రివ్యూ' అనే మాసపత్రికకి సమీక్షలు. కలం మీద బతికే ఆడమనిషి అన్న కొత్త జాతికి తను మొదటిదాన్ని కాబోతున్నానని చెల్లెలికి ఉత్తరం రాసుకుంది. ఆ జాతి పుట్టడానికి మేధావుల స్నేహం ఒక్కటే సరిపోలేదు. పేజీకి ఇంతని డబ్బిచ్చే ఒక మనిషి కావాల్సొచ్చాడు.

ఆ సమీక్షల్లో ఒకటి చూడండి. బానిసగా అమ్ముడుపోయి, తన స్వేచ్ఛని తనే కొనుక్కున్న ఒలాడా ఎక్వియానో ఆత్మకథ 1789లో వచ్చింది. ముందుగా చందాలు పోగుచేసి, కాపీరైటు తన దగ్గరే పెట్టుకుని వేసుకున్నాడు. దాన్ని అమ్మిన కొట్లలో జాన్సన్‌ది ఒకటి. ఆ ఏడు మేలో 'అనలిటికల్ రివ్యూ'లో దాన్ని సమీక్షించింది వుల్‌స్టన్‌క్రాఫ్ట్. మూడేళ్ళకి ఎక్వియానో లండన్‌లో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే ఆయన ఇంట్లో ఉంటున్నాడు. ఆ హార్డీయే 1792 జనవరిలో లండన్ కరెస్పాండింగ్ సొసైటీ పెట్టాడు. వారానికి ఒక పెన్నీ చందా, సభ్యుల సంఖ్యకి పరిమితి లేదు. సెయింట్ పాల్స్ చర్చ్‌యార్డ్ నుంచి చెప్పుల దుకాణం దాకా రెండే అంగలు. నెట్‌వర్క్ అనే మాట మా ఆఫీసులో రోజుకి యాభైసార్లు వింటాను. దాని అర్థం నాకు ఇక్కడ తెలిసింది.

*

జాన్సన్ మీద నాకు ప్రేమ పుట్టించిన సంఘటన ఇది. 1790 నవంబరు 1న ఎడ్మండ్ బర్క్ ఫ్రెంచి విప్లవం మీద తన పుస్తకం తెచ్చాడు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ జవాబు రాయడానికి కూర్చుంది. ఆమె రాస్తూంటే రాసినంత మేరా ప్రెస్సులో అచ్చవుతోంది. సగంలో చేతులెత్తేసింది. నీరసం, నమ్మకం పోయింది. జాన్సన్ దగ్గరికెళ్ళి నా వల్ల కాదంది. ఆయన బతిమాలలేదు. నీకు ఇష్టం లేకపోతే అచ్చైన కాగితాలు సంతోషంగా పారేస్తాను, బాధపడకు అన్నాడట. తర్వాత ఆమె భర్త అయిన గాడ్విన్ ఈ సంగతి రాశాడు. ఆ మాట ఆమె అభిమానానికి తగిలింది. నేరుగా ఇంటికెళ్ళి కూర్చుని పూర్తిచేసింది. నవంబరు 29కి పుస్తకం బయటికొచ్చింది, బర్క్ పుస్తకం వచ్చిన ఇరవై ఎనిమిది రోజులకి. మొదట పేరు లేకుండా, డిసెంబరులో రెండో ముద్రణకి పేరుతో. ఇంకో రెండేళ్ళకి స్త్రీల హక్కుల మీద అసలు పుస్తకం. అదీ జాన్సనే వేశాడు.

కాగితం ఖరీదు, కూలీ, కంపోజింగ్ అన్నీ తన నెత్తినేసుకుని పారేస్తానన్న మనిషి. ఇలాంటి సంపాదకుడు ఒక్కడు దొరికితే ఎవరైనా రాస్తారు అనుకున్నాను. ఆ తర్వాతి అధ్యాయంలోనే నేను పుస్తకం మూసి బాల్కనీలోకి వెళ్ళింది.

బర్క్‌కి ఇంకో జవాబు సిద్ధమవుతోంది. థామస్ పెయిన్ 'రైట్స్ ఆఫ్ మాన్'. వేసేది జాన్సనే. 1791 ఫిబ్రవరి 22, అంటే జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజుకి బయటికి రావాలని అనుకున్నారు. అచ్చైపోయింది. జాన్సన్ పేరుతో కొన్ని కాపీలు బయటికి వెళ్ళాయి కూడా. అప్పుడు ఆయన ఆగిపోయాడు. భయపడ్డాడు. ప్రభుత్వం కేసు పెడుతుందని, కొట్టు పోతుందని. పేజీలు తీసేశాడు, నాలాగే.

ఆ రాత్రి నాకు కలిగింది ఊరటా సిగ్గా చెప్పలేను. ఇంత గొప్ప మనిషి కూడా వెనకడుగు వేశాడు కదా అని ఒక క్షణం హాయిగా ఉంది. నా తప్పుకి చరిత్రలో ఒక పూర్వోదాహరణ దొరికిందన్న చవకబారు హాయి. తర్వాత నాలుగు పేజీలు చదివేసరికి అది కూడా పోయింది.

ఎందుకంటే జాన్సన్ ఆపేశాక ఆ పుస్తకం ఆగలేదు. అచ్చైన కాగితాలు ఫ్లీట్ స్ట్రీట్‌లో కొట్టున్న జె. ఎస్. జోర్డన్ చేతికి వెళ్ళాయి. పెయిన్ పారిస్ వెళ్తూ, మిగతా పని చూడమని గాడ్విన్, థామస్ హాల్‌క్రాఫ్ట్, బ్రాండ్ హోలిస్‌లకి అప్పజెప్పాడు. మార్చి మధ్యకల్లా జోర్డన్ పేరుతో పుస్తకం బజార్లో ఉంది. ఒకడు మోయలేని బరువు ఇంకొకడి భుజం మీదికి మారింది. అదే ఏడు నవంబరు 13న జాన్సన్ బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నవాళ్ళలో పెయిన్ ఉన్నాడు! ఆ రోజు పెయిన్ మాటలు విందామని వచ్చిన గాడ్విన్‌కి, వుల్‌స్టన్‌క్రాఫ్టే ఎక్కువ మాట్లాడేసిందని చిరాకు. ఐదేళ్ళు దాటాక వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు, అది వేరే కథ. నన్ను పట్టుకుంది గాడ్విన్ చిరాకు కాదు. పుస్తకం వెనక్కి తీసుకున్నవాడూ, ఆ పుస్తకం రాసినవాడూ తొమ్మిది నెలల తర్వాత ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఏ మాటలు నడిచాయో గానీ, పేజీలు ఎక్కువయ్యాయని మాత్రం అయివుండదు.

*

జాన్సన్‌ని దేవుణ్ణి చేయబోవడం లేదు. ఆయన వేసేవి ఎక్కువగా డబ్బున్నవాళ్ళు కొనుక్కునే పుస్తకాలు. ఆ రోజుల్లో ధర అనేది ఒక రకం రక్షణ కవచం. 'రైట్స్ ఆఫ్ మాన్' మొదటి భాగం మూడు షిల్లింగులు, దాని మీద కేసు పెట్టలేదు. రెండో భాగం వచ్చాక, ఆరు పెన్నీలకే చవక కాపీలు ఊరూరా తిరగడం మొదలయ్యాక 1792లో కేసు పెట్టారు. ప్రభుత్వ న్యాయవాది కోర్టులో చెప్పింది దాదాపు ఇదే: మొదటిది వివేకవంతులైన పాఠకుల చేతుల్లో ఉంటుందనుకుని ఊరుకున్నాం, రెండోది అడ్డమైన వాళ్ళందరి చేతుల్లోకీ వెళ్ళిపోయింది. పెయిన్ అప్పటికే ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. ఆయన లేకుండానే ఆ డిసెంబరులో దోషి అన్నారు. జోర్డన్ నేరం ఒప్పుకున్నాడు.

మరి పెన్నీల వాళ్ళ గతి? సామాన్య జనాన్ని బర్క్ పందుల గుంపు అన్నాడని, థామస్ స్పెన్స్ తన పెన్నీ వారపత్రికకి ఏకంగా పందుల మేత అని అర్థం వచ్చే పేరే పెట్టుకున్నాడు. 1794లో అతన్ని ఏడు నెలలు విచారణ లేకుండా జైల్లో ఉంచారు. అదే మేలో హార్డీని రాజద్రోహం కింద పట్టుకెళ్ళారు. ఆయన లోపలుండగా అల్లరిమూక ఇంటి మీద పడింది. నిండు గర్భిణి అయిన ఆయన భార్య లిడియా కొన్నాళ్ళకి ప్రసవంలో చనిపోయింది. నవంబరులో జ్యూరీ హార్డీని నిర్దోషి అంది. ఆయన తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరున్నారు?

జాన్సన్ బల్ల కథ చెప్పేవాళ్ళు లిడియా హార్డీ పేరు చెప్పరు. నేనూ ఈ వ్యాసం మొదటి చిత్తులో మర్చిపోయాను. ఒక నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరికి తెలుసు అన్నది సులువైన ప్రశ్న. దెబ్బ తగిలినప్పుడు అది ఎవరి మీద పడుతుంది అన్నదే అసలు ప్రశ్న. ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాళ్ళ మీదే ముందు పడుతుంది. మా గుంపులో కూడా అంతే. వ్యాసం రాసేనాటికి అక్కకి ఉద్యోగం లేదు. ఆ అద్దాల గదిలో కూర్చుంది ఆవిడే. నాకు ఉద్యోగం ఉంది కాబట్టే భయం ఉంది.

చివరికి దెబ్బ జాన్సన్‌కీ తగిలింది, అదీ ఒక చిన్న కరపత్రం మీద. 1798లో గిల్బర్ట్ వేక్‌ఫీల్డ్ అనే పండితుడు లాండాఫ్ బిషప్పుకి జవాబుగా రాసిన కరపత్రం అది. జాన్సన్ దాన్ని కొట్లో అమ్మాడు. అమ్మినవాళ్ళలో జోర్డన్ కూడా ఉన్నాడు. అతని మీదా కేసు పడింది. జాన్సన్ తరఫున వాదించింది థామస్ ఎర్స్కిన్, అంతకుముందు పెయిన్‌కీ హార్డీకీ వాదించినాయనే. జ్యూరీ దోషి అంది. 1799 ఫిబ్రవరిలో ఆరు నెలల జైలు, యాభై పౌండ్ల జరిమానా. అప్పటికి ఆయనకి అరవై ఏళ్ళు. 'అనలిటికల్ రివ్యూ' ఆయన చేతుల్లోంచి జారిపోయి, ఆ ఏడే ఆగిపోయింది. వేక్‌ఫీల్డ్‌కి రెండేళ్ళు వేశారు. విడుదలైన కొద్ది నెలలకే 1801లో టైఫస్‌తో చనిపోయాడు.

కింగ్స్ బెంచ్ జైలు పద్ధతి ప్రకారం డబ్బున్న ఖైదీ దాని హద్దుల్లో ఇల్లు అద్దెకి తీసుకోవచ్చు. జాన్సన్ తీసుకున్నాడు. అక్కడికీ భోజనాలకి జనం వచ్చారు. బయటికొచ్చాక మళ్ళీ పుస్తకాలే. 1809 డిసెంబరులో పోయేదాకా.

ఇంకో చిన్న విషయం. గాడ్విన్ ఆదర్శ సమాజపు కలల మీద నీళ్ళు చల్లుతూ 1798లో జనాభా మీద ఒక పుస్తకం పేరు లేకుండా వచ్చింది. రాసింది మాల్థస్. వేసింది జాన్సన్. అదే ఏడు గాడ్విన్ చనిపోయిన తన భార్య గురించి రాసుకున్న జ్ఞాపకాలూ జాన్సనే వేశాడు. ఇద్దరివీ ఒకే కొట్లో పక్కపక్కన. మా ఆదివారాల్లో ఎవరైనా రెండుసార్లు గట్టిగా వాదించుకుంటే మూడో వారం ఒకరు రావడం మానేసేవారు.

*

అక్క కూడా మానేసింది. వెంటనే కాదు. సంకలనం వచ్చాక రెండు ఆదివారాలు వచ్చింది, నవ్వుతూనే మాట్లాడింది. తర్వాత పని ఉందంది. తర్వాత అదీ చెప్పలేదు. ఆ వ్యాసాన్ని ఇంకోచోట వేసుకుంది. మా నూటయాభై కాపీల కన్నా చాలా ఎక్కువ మందే చదివారు. అది చూసి, 'చూశావా, మంచే జరిగింది' అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ జోర్డన్‌ని వెతికింది ఆవిడే, నేను కాదు. జాన్సన్ విషయంలో కాగితాలు చేతులు మారాయి. నా విషయంలో కాగితాలే లేవు, డిలీట్ కొట్టాను.

నాకు అర్థమైనది ఇంతే. భయపడటం నా తప్పు కాదు. లోను నిజమే, ప్రాజెక్టు నిజమే. అబద్ధం చెప్పడం తప్పు. "అక్కా, నాకు భయంగా ఉంది. నా పేరుతో వేయలేను. వేరే ఎవరి దగ్గరికైనా నేనే తీసుకెళ్తాను" అని ఉంటే ఆ బల్ల నిలబడేది. ఈ నాలుగు మాటలు అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

కిందటి నెల ఈ వ్యాసం చిత్తు ప్రతిని ఎవరికంటే ముందు అక్కకే పంపాను. వేయొద్దంటే వేయనని రాశాను. రెండు రోజులు బ్లూ టిక్కులు కూడా పడలేదు. మూడో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. వ్యాసం గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. జాన్సన్ జైలుకెళ్ళిన భాగం బాగుందంది, ఫ్యూజెలీ బొమ్మ గురించి అంత అక్కర్లేదంది. నేను తగ్గించలేదు, అది వేరే విషయం. చివర్లో, "పదకొండు కాదురా, పన్నెండు. ఆఖరి పేజీలో వాళ్ళ పేర్లున్నాయి. నాతోపాటు ఆ రోజు ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళవి. అవి వేసుకోమని వాళ్ళు నాకు రాసిచ్చారు. నువ్వు లెక్కపెట్టలేదు" అంది.

పాత ఫైల్ తీసి చూశాను. పన్నెండే.